కట్టెలు చీల్చే యంత్రము: ఇంటనే చేయించుకొనేవారికి కొన్ని మాటలు

బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానమంటే మాటలు కాదు. అందుకే ఈ ఊళ్ళో మూడు నాలుగు తరాలుగా కాపురమున్న మన కుటుంబాల పాత ఇళ్ళలో, స్నానాల గది పక్కన, రాగి కాగుకు ఒక స్థానము ఉండేది. ఇరుగుపొరుగు కన్నడిగులు దానిని హండె అంటారు. ఈ ఊరి నీళ్ళు త్రాగి పెరిగిన మనము కూడా హండా అనే అంటాము. తరువాత గ్యాసు వచ్చింది, కరెంటు గీజరు వచ్చింది, మేడల మీద ఎండతో నీళ్ళు కాచే పలకలు వచ్చాయి. అయినా హండా పూర్తిగా అటక ఎక్కలేదు. ఆషాఢములో నాలుగు రోజులు వరుసగా మబ్బు పట్టి మేడమీది పలకలు చల్లబడితే, ఇంటిల్లపాదికీ హండాయే గుర్తుకు వస్తుంది.

హండాకు కట్టెలు కావాలి. మన పాఠకులలో కొందరికి హోసకోట, మాలూరు, చిక్కబళ్ళాపురము వైపు రెండు మూడు ఎకరాల తోటలు ఉన్నాయి. గట్టు వెంట సిల్వర్ ఓక్ చెట్లో, పాత నీలగిరి చెట్లో ఉంటాయి. గాలివానకు ఒకటి పడితే, దానిని రంపముతో దుంగలుగా కోయించడము పెద్ద పని కాదు. దుంగలను పేళ్ళుగా చీల్చడము దగ్గర అసలు చిక్కు వస్తుంది. గొడ్డలి భుజాన వేసుకొని వీధి వీధి తిరిగి కట్టెలు కొట్టిపెట్టే మనుషులు ఇప్పుడు అరుదు. అరవై దాటిన ఇంటి యజమాని తానే గొడ్డలి ఎత్తితే, వంటింటి కిటికీలోనుంచి చూసే ఇల్లాలికి గుండె దడ. నడుము పట్టి మంచమెక్కితే మూడు వారాలు అందరికీ శిక్ష.

ఇటువంటి ఇంట్లో ఒక ఇంజనీరు ఉన్నాడనుకోండి. ఈ ఊళ్ళో లేకపోవడమే వింత. 1940లో హిందూస్థాన్ విమానాల కర్మాగారము, 1951లో మైకో, 1953లో హెచ్.ఎమ్.టి. వెలసిన ఊరు ఇది. లేత్ పట్టి జీవితము గడిపి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దలు మన కుటుంబాలలో ఎందరో ఉన్నారు. పీణ్యా పారిశ్రామికవాడకు పోతే ఇనుముతో చేయలేని వస్తువు లేదు. కనుక, "నూనె ఒత్తిడితో కట్టెలు చీల్చే యంత్రము మనమే ఒకటి చేయించుకొంటే ఏమి?" అన్న ఆలోచన రావడము సహజము. ఆలోచన మంచిదే. అయితే మొదలుపెట్టబోయేవారికి మేము నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాము.

మొదటి ప్రశ్న

వర్క్‌షాపులో మేస్త్రీ దగ్గరకు పోయి ఈ యంత్రము మాట ఎత్తితే, ఆయన నోట సాధారణముగా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని టన్నులు కావాలి సార్?" మనమూ ఉత్సాహముగా పది అంటాము, పక్కనున్న బావగారు ఇరవై అంటారు. బలము విషయములో ఎవరికీ పిసినారితనము ఉండదు.

మా మనవి ఏమిటంటే, మొదటి ప్రశ్న అది కాదు. "యంత్రము నడిచేటప్పుడు మనిషి రెండు చేతులూ ఎక్కడ ఉంటాయి?" అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికిన తరువాతనే టన్నుల సంగతి. ఎందుకంటే ఈ యంత్రములో బలము చవక. ఒక పంపు, ఒక సిలిండరు ఉంటే బలము దానంతట అదే పుడుతుంది. ఆ బలము దుంగకూ వేలికీ తేడా తెలిసినది కాదు. ఆ తేడా తెలిపే ఏర్పాటు మనమే చేయాలి. డబ్బూ బుద్ధీ ఖర్చు పెట్టవలసినది అక్కడ. ఈ వ్యాసములో తక్కినదంతా ఈ ఒక్క మాటకు వివరణమే.

బలము ఎక్కడినుంచి వస్తుంది

లారీ టైరు మార్చేటప్పుడు పెట్టే జాకీని అందరమూ చూశాము. పదిహేనేళ్ళ కుర్రవాడు చిన్న కడ్డీ పట్టుకొని ఆడిస్తే పది టన్నుల లారీ మెల్లగా లేస్తుంది. ఇందులోని సూత్రము ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పినది. ఆయన 1662లో చనిపోగా, ఈ విషయముపై ఆయన వ్రాసినది మరుసటి ఏడు అచ్చయింది. మూసి ఉన్న ద్రవము మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని దిక్కులకూ సమానముగా ప్రాకుతుంది. తాళాలు చేయడములో పేరు పడ్డ ఆంగ్లేయుడు జోసెఫ్ బ్రామా ఈ సూత్రముతో 1795లో ఒత్తిడి యంత్రానికి పేటెంటు పొందాడు. మన కట్టెల యంత్రము ఆ వంశములోనిదే.

లెక్క చూదాము. సిలిండరు లోపలి వ్యాసము 100 మిల్లీమీటర్లు అనుకొందాము. దాని వైశాల్యము సుమారు 78½ చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు పెడితే, పిస్టను మీద పడే బలము 11,775 కిలోలు. అంటే దాదాపు పన్నెండు టన్నులు. ఇంటి అవసరానికి ఇది చాలును. సూటిగా పొర ఉన్న దుంగ ఇందులో సగము బలానికే విడిపోతుంది.

కాని ప్రకృతి ఏదీ ఉచితముగా ఇవ్వదు. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యముగల చిన్న పిస్టనును 150 కిలోల బలముతో నెడితే, పెద్ద పిస్టను దగ్గర 11,775 కిలోలు వస్తాయి, నిజమే. అయితే పెద్దది ఒక్క సెంటీమీటరు కదలాలంటే చిన్నది 78½ సెంటీమీటర్లు కదలాలి. బలము ఎంత పెరిగిందో నడక అంత తగ్గింది. ఈ యంత్రము మనకు బలము ఇచ్చి కాలము పుచ్చుకొంటుంది. నిదానమే ప్రధానమని మన పెద్దలు అన్నమాట ఈ యంత్రానికి స్వభావములోనే ఉన్నది.

మోటారు లెక్క కూడా ఇదే చెబుతుంది. ఇంటి సింగిల్ ఫేజు కరెంటు మీద 3 అశ్వశక్తుల మోటారును మించి పెట్టడము కష్టము. ఒక చుట్టుకు 5 ఘనసెంటీమీటర్ల నూనె తోసే గేరు పంపును 1440 చుట్ల మోటారుకు తగిలిస్తే, నిమిషానికి 7 లీటర్ల పైచిలుకు నూనె వస్తుంది. 150 కిలోల ఒత్తిడి దగ్గర దానికి సుమారు 2 కిలోవాట్లు కావాలి. 3 అశ్వశక్తుల మోటారు సరిగ్గా సరిపోతుంది. పిస్టను 45 సెంటీమీటర్లు ముందుకు పోవడానికి మూడున్నర లీటర్ల నూనె, అంటే అర నిమిషము. వెనక్కు రావడానికి, 50 మిల్లీమీటర్ల కడ్డీ లోపలి చోటు కొంత ఆక్రమిస్తుంది కనుక, ఇరవై రెండు సెకండ్లు.

"దుంగకు అర నిమిషమా? ఇంకొంచెము త్వరగా పోనిద్దాము" అని పెద్ద పంపు పెట్టాలనిపిస్తుంది. మేము వద్దంటాము. అడితి నడిపేవారికి సెకండ్ల లెక్క కావచ్చును. ఇంట్లో ఆదివారము ఉదయము ఒక గంట పని చేస్తే రెండు వారాల హండాకు సరిపోయే పేళ్ళు చేతికి వస్తాయి. అర నిమిషపు నడక అంటే, ఏదైనా తప్పుగా పోతున్నదని కంటికి కనబడి, చేయి వెనక్కు తీసుకొని, లివరు వదలడానికి చాలినంత వ్యవధి. ఆ వ్యవధిని మించిన భద్రత ఇంకొకటి లేదు.

వెన్నెముక

యంత్రానికి వెన్నెముక ఇనుప దూలము. ఒక చివర సిలిండరు, ఇంకొక చివర మేకు, మధ్యలో దుంగ. సిలిండరు దుంగను మేకు మీదికి నెడుతుంది. అంటే పన్నెండు టన్నులు దూలాన్ని రెండు చివరలా లాగుతాయి. అంతేకాదు, బలము దూలానికి పైన నడుస్తుంది కనుక, దానిని విల్లువలె వంచడానికి కూడా చూస్తుంది. ఈ వంపు సంగతి మరచినవారే ఎక్కువ.

గుజిరీలో 150 మిల్లీమీటర్ల ఐ-దూలము ముక్క సులభముగా దొరుకుతుంది. చూడడానికి గట్టిగానే ఉంటుంది. కాని సిలిండరు నడిగీత దూలము పైభాగానికి 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, పూర్తి బలము దగ్గర ఆ దూలములో పుట్టే బిగువు చదరపు సెంటీమీటరుకు 2,700 కిలోలు దాటుతుంది. మామూలు మెత్తని ఉక్కు 2,500 కిలోల దగ్గరనే లొంగిపోతుంది. అంటే ఆ దూలము ఒకనాటికి కాదు, మొదటి మొండి దుంగకే వంగుతుంది. 200 మిల్లీమీటర్ల దూలము తీసుకొంటే అదే బలానికి బిగువు 1,420 కిలోలకు మించదు. రెండు అంగుళాల ఎత్తు తేడాతో బిగువు సగానికి దిగింది. దూలము దగ్గర ఆదా చేసి, ఆ డబ్బుతో పెద్ద పంపు కొనడము ఇల్లు అమ్మి తోరణము కొన్నట్టు.

సిలిండరు వెనుక భాగము దూలానికి నేరుగా వెల్డింగు చేయరాదు. లావుపాటి పిన్నుతో, కొంచెము కదిలే వీలుండేటట్టు బిగించవలెను. దుంగ ఒక పక్కకు ఒరిగినా కడ్డీ వంగకుండా ఉంటుంది. దుంగను నెట్టే పలక దూలము అంచులను పట్టుకొని జారేటట్టు చేయించాలి. లేకపోతే మొండి దుంగ దగ్గర పైకి లేచిపోతుంది.

మేకుకు 25 మిల్లీమీటర్ల పలక చాలును. ఎత్తు 20 సెంటీమీటర్లు, వాడి అంచు వెనుక రెండు పక్కలా రెక్కలు. అంచు కత్తివలె పదునుగా ఉండనవసరము లేదు. ఇది కోసే పనిముట్టు కాదు. పొరను విడదీసే పనిముట్టు. కొందరు లారీ కమాను పట్టీ ముక్కను అంచుగా వెల్డింగు చేయిస్తారు. కమాను ఉక్కు గట్టిదే గాని, ముందుగా తగినట్టు వేడిచేసి, తరువాత మెల్లగా చల్లార్చకపోతే, అతుకు పక్కనే కంటికి కనబడని పగులు పుడుతుంది. పగిలిన నాడు ఆ ముక్క ఏ దిక్కుకు ఎగురుతుందో చెప్పలేము. మెత్తని ఉక్కు మేకే మేలు. అరిగితే ఆకురాయితో మళ్ళీ అంచు తీయవచ్చును.

వెల్డింగు మనమే నేర్చుకొని చేద్దామన్న సరదా కొందరికి ఉంటుంది. గేటుకు, పూలకుండీల స్టాండుకు ఆ సరదా తీర్చుకోండి. మేకును, సిలిండరు పీటను దూలానికి అతికే పని మాత్రము అనుభవమున్న వెల్డరుకు ఇవ్వవలెను.

చేతులు ఎక్కడ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాము. నూనెను ముందుకో వెనక్కో పంపేది చేతివాల్వు. వాల్వులో స్ప్రింగు ఉండాలి; లివరు వదలగానే అది తనంతట తాను మధ్యకు వచ్చి, పిస్టను అక్కడికక్కడే ఆగిపోవాలి. ముందుకు పోయే దిక్కున లివరు చిక్కుకొని నిలిచే వాల్వును, ఎంత చవకగా ఇచ్చినా, కొనవద్దు. వెనక్కు వచ్చేటప్పుడు తనంతట నడిచే ఏర్పాటు ఉంటే ఉండవచ్చును. అప్పుడు కూడా పలకకూ సిలిండరు ముఖానికీ మధ్య వేలు నలిగే సందు ఉంటుంది; దానికి రేకు తొడుగు వేయించాలి.

ఇది సగము పని. ఒక చేత్తో లివరు నొక్కి, రెండవ చేత్తో దుంగను సరిచేయాలన్న ఆశ అందరికీ పుడుతుంది. వేళ్ళు పోయేది అక్కడే. కాబట్టి రెండవ చేతికి కూడా పని కల్పించాలి. లివరుకు అడ్డముగా స్ప్రింగు ఉన్న ఒక గడియ పెట్టించండి. ఆ గడియను ఎడమ చేత్తో ఎత్తి పట్టుకొంటేనే కుడి చేతి లివరు ముందుకు కదలాలి. రెండు పిడుల మధ్య దూరము 60 సెంటీమీటర్లకు తక్కువ ఉండరాదు. లేకపోతే ఒకే చేత్తో, మోచేత్తో రెండూ నొక్కే తెలివితేటలు వస్తాయి. రెండు పిడులూ పట్టుకొన్న మనిషికి మేకు అందరాదు. వర్క్‌షాపులో పెద్ద ప్రెస్సుల మీద పనిచేసినవారికి ఈ రెండు చేతుల పద్ధతి కొత్త కాదు. అక్కడ చట్టము అడుగుతుంది కనుక ఉంటుంది. ఇంటి పెరట్లో అడిగే ఇనస్పెక్టరు లేడు, ఇంటివారే అడగవలెను.

ఈ గడియకు అయ్యే ఖర్చు మొత్తము యంత్రములో చాలా స్వల్పము. అయినా యంత్రము పూర్తయిన నెల తరువాత, పని నెమ్మదిగా సాగుతున్నదని, ఎవరో ఒకరు దానికి తాడు కట్టివేస్తారు. ఆ తాడు కట్టనివ్వకుండా ఉండడమే ఇంటి పెద్దరికము.

ఇంకొక నియమము. దుంగ పెట్టేవాడూ లివరు పట్టేవాడూ ఒకడే కావాలి. "నీవు పెట్టు, నేను నొక్కుతాను" అన్న సాయము ఇక్కడ పనికిరాదు. పెట్టేవాడు "ఆగు" అంటాడు, పట్టేవాడికి మోటారు చప్పుడులో "సాగు" అని వినబడుతుంది. తక్కినవారు సాయము చేయదలిస్తే చీల్చిన పేళ్ళు ఎత్తి పేర్చవచ్చును. పిల్లలు ఆ చుట్టుపక్కల పది అడుగులలో ఉండరాదు.

నూనె, గొట్టాలు, కరెంటు

నూనె ట్యాంకు 20, 25 లీటర్లు పట్టాలి. చిన్నదైతే నూనె త్వరగా కాగుతుంది. ట్యాంకు మీద చేయి పెట్టి నిలపలేనంత వేడి ఎక్కితే పని ఆపి చల్లారనివ్వాలి. పంపు నూనె పీల్చే చోట ఒక జల్లెడ, తిరిగి వచ్చే చోట ఒక ఫిల్టరు తప్పవు. పంపులు పాడయ్యేది ఎక్కువగా మురికి వల్లనే.

పంపు పక్కనే రిలీఫ్ వాల్వు ఉండాలి. దుంగ మొండికేసి ఒత్తిడి 150 కిలోలు దాటబోతే, ఆ వాల్వు తెరుచుకొని నూనెను ట్యాంకులోకి వదిలివేస్తుంది. ఒత్తిడి గడియారము చూసి దానిని ఒకసారి సరిచేసి, సీలు వేయించండి. ఏనాడో ఒక చింతమొద్దు చీలక మొరాయిస్తుంది; ఆనాడు స్పానరు తీసుకొని ఆ మర ఇంకొక చుట్టు బిగించాలని చేయి దురద పెడుతుంది. లొంగని మొద్దును పక్కన పెట్టడము ఓటమి కాదు.

గొట్టాల విషయములో మరీ గట్టిగా చెబుతున్నాము. నీళ్ళ కుళాయికి వాడే జి.ఐ. పైపు దీనికి పనికిరాదు. లోపల రెండు వరుసల ఉక్కు తీగ అల్లిక ఉన్న హైడ్రాలిక్ హోసు పైపునే వాడాలి; చివరల బిగింపు యంత్రము మీద వేయించాలి. హోసుకు సూదిమొనంత రంధ్రము పడితే నూనె సన్నని ధారగా చిమ్ముతుంది. అది ఎక్కడినుంచి కారుతున్నదో చూడడానికి చాలామంది వేలితో తడుముతారు. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. పైకి చిన్న చుక్కంత గాయమే కనబడుతుంది. మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చును. లోపల మాత్రము నూనె వేలి పొడుగునా ప్రాకి కండను చంపుతుంది. అటువంటిది జరిగితే పసుపు అద్ది ఊరుకోరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి, ఒత్తిడితో నూనె లోపలికి పోయిందని డాక్టరుతో స్పష్టముగా చెప్పాలి. కొన్ని గంటలలోనే శస్త్రచికిత్స అవసరము కావచ్చును. కారుడు వెతకడానికి అట్టముక్క వాడండి, అదీ దూరమునుంచి.

మోటారుకు ఉత్త స్విచ్చి పెట్టరాదు, స్టార్టరు పెట్టాలి. ఈ ఊళ్ళో కరెంటు పోవడము, రావడము చెప్పి జరగవు. కరెంటు పోయినప్పుడు స్టార్టరు తనంతట తాను తెగిపోతుంది. మళ్ళీ వచ్చినప్పుడు మనము మీట నొక్కితే తప్ప మోటారు కదలదు. ఉత్త స్విచ్చి అయితే, మేకు దగ్గర ఇరుక్కొన్న పేడును మనము తీస్తున్న సమయానికే మోటారు లేచి కూర్చుంటుంది. ఎర్తు తీగ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పాత సామాను కొనేవారు రెండు విషయాలు చూడాలి. టిప్పరు లారీల సిలిండర్లలో చాలావరకు ఒకే దిక్కుకు పనిచేస్తాయి. ఎత్తిన తొట్టి తన బరువుతోనే దిగుతుంది. అటువంటిది మనకు వెనక్కు రాదు. జె.సి.బి. వంటి యంత్రాలమీది సిలిండరు రెండు దిక్కులా పనిచేస్తుంది. దాని కడ్డీ మీద గోరు నడిపి చూడండి. గోటికి గీత తగిలితే ఆ గీత సీళ్ళను త్వరలోనే కొరికివేస్తుంది. సీళ్ళు ఎలాగూ కొత్తవి వేయించవలసిందే. పంపు, వాల్వు, హోసు మాత్రము కొత్తవే కొనాలి.

కట్టె సంగతి

యంత్రము ఎంత మంచిదైనా కట్టె స్వభావము తెలియాలి. సిల్వర్ ఓక్ సులువుగా విడిపోతుంది. సరుగుడు బరువైన కట్టె, మంచి మంట. నీలగిరి చెట్టును టిప్పు సుల్తాను కాలములో నంది కొండమీద మొదట నాటారని చెబుతారు. తరువాత కోలారు, బెంగుళూరు పల్లెలంతటా ప్రాకింది. భూమిలో నీరు తరిగిపోతున్నదని కర్ణాటక ప్రభుత్వము 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఉన్న చెట్లు కొట్టినప్పుడు ఆ దుంగలను పచ్చిగా ఉండగానే చీల్చడము మంచిది. ఎండిన కొద్దీ నీలగిరి బిగుసుకొంటుంది. చింత, తుమ్మ మొద్దులలో పొరలు పెనవేసుకొని ఉంటాయి. వాటిని చిన్న ముక్కలుగా కోసి పెట్టండి.

దుంగ రెండు చివరలూ అడ్డముగా, సమముగా కోసి ఉండాలి. ఏటవాలుగా కోసిన దుంగ ఒత్తిడికి పక్కకు ఎగురుతుంది. ముడి ఉన్న చివరను నెట్టే పలక వైపు, సాఫీగా ఉన్న చివరను మేకు వైపు పెట్టాలి. దుంగను ఎన్నడూ అడ్డముగా పెట్టరాదు. అలా పెడితే పొర విడదు, తెగుతుంది. తెగేటప్పుడు తుపాకి పేలినట్టు పేలుతుంది. కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. వదులు చొక్కా చేతులు, పైపంచె, చున్నీ ఆ పూటకు లోపల పెట్టి రావాలి.

చీల్చడములో అసలు లాభము కొందరికి తెలియదు. పొయ్యిలో పట్టడానికే అనుకొంటారు. ఆరడము అంతకంటె ముఖ్యము. బెరడు కప్పిన దుంగలో నీరు నెలల తరబడి నిలుస్తుంది. చీల్చిన పేడులోనుంచి గాలికి త్వరగా పోతుంది. పచ్చికట్టెలో సగము బరువు నీరే ఉంటుందనుకొందాము. ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కెలోరీల వేడి ఇస్తే, పచ్చికట్టె కిలోలో కట్టె అరకిలోయే కనుక 2,250. అందులోనూ నీటిని ఆవిరి చేయడానికి 300 పోతాయి. చేతికి వచ్చేది 1,950. అదే ఐదింట ఒక వంతు నీరు మిగిలేదాకా ఆరబెట్టిన కట్టె అయితే, కిలోకు దాదాపు 3,480 వస్తాయి. అదనముగా వచ్చే ఆ వేడికి ఖర్చు లేదు. ఎండ, గాలి, కొద్ది ఓపిక చాలును. పొగ తగ్గడము ఇంటి ఆడవారి కళ్ళకూ ఊపిరికీ లాభము. ఈ ఊరి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో ఆస్త్ర అనే విభాగము ఏర్పడి, తక్కువ కట్టెతో, తక్కువ పొగతో వండే ఆస్త్ర ఒలెను పల్లెలకు అందించింది. అటువంటి మంచి పొయ్యికైనా పచ్చికట్టె పెడితే పొగ తప్పదు.

చట్టము మాట కూడా ఒకటి. వీధిలో గాలివానకు పడిన చెట్టు నగర పాలకసంస్థది. యంత్రము ఉన్నది గదా అని ఇంటికి తెచ్చుకోరాదు. మన సొంత స్థలములోని చెట్టును కొట్టాలన్నా, కొన్ని జాతులకు తప్ప, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి తీసుకోవాలి. ఇంకొక మాట చట్టములో లేనిది: ఆదివారము ఎనిమిది గంటలకు ముందు మోటారు వేయకండి. ఇరుగుపొరుగుతో తరాల స్నేహము కట్టెలకంటె విలువైనది.

అందరికీ ఇంత అవసరమా

కాదు. ఇది కూడా చెప్పడము మా విధి. ఏడాదికి ఒక చెట్టు కట్టె వాడే ఇంటికి ఈ యంత్రము కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అటువంటివారు పది టన్నుల లారీ జాకీ ఒకటి తీసుకొని, దానిచుట్టూ నిలువు ఇనుప చట్రము కట్టించుకొంటే చాలును. అడుగున జాకీ, దానిమీద దుంగ, పైన తలక్రిందులుగా మేకు; రెండు పక్కలా స్ప్రింగులు, పని అయ్యాక జాకీని క్రిందికి దించడానికి. జాకీని పడుకోబెట్టి వాడే ఆలోచన వద్దు. అది నిలువుగా పనిచేయడానికి చేసిన వస్తువు. జాకీ నడక తక్కువ గనుక చిన్న దుంగలే పట్టుతాయి, ఒక్కొక్క దుంగకు చాలాసార్లు కడ్డీ ఆడించాలి. కాని కరెంటు అక్కరలేదు, చప్పుడు లేదు. చేయి కడ్డీ మీద ఉన్నంతసేపే బలము; చేయి ఆగితే బలమూ ఆగుతుంది. అందువల్ల ఇది స్వభావము చేతనే మర్యాదస్తురాలైన యంత్రము. చట్రానికి మాత్రము పెద్ద యంత్రానికి చెప్పిన జాగ్రత్తే వర్తిస్తుంది: ముందు ఇనుము, తరువాత టన్నులు.

తోటలు ఉన్నవారు, పెళ్ళిళ్ళ వంటలు చేసేవారు, రెండు మూడు కుటుంబాలు కలిసి పెట్టుకొనేవారు మాత్రము పెద్దదానినే చేయించుకోవచ్చును. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకటి చేయించి, ఒక తోటలో ఉంచుకోవడము మంచి పద్ధతి. ఖర్చు పంచుకోవచ్చును, అంతకంటె ముఖ్యము, ఎవరో ఒక పెద్దాయన కన్ను ఎప్పుడూ దానిమీద ఉంటుంది.

చేయించుకొన్నవారు యంత్రము మీద ఎర్ర రంగుతో, కన్నడములోనూ తెలుగులోనూ, మూడు వాక్యాలు వ్రాయించవలెనని మా మనవి. తోటలో పనిచేసేవారు ఏ భాషవారైనా చదువుకొనేటట్టు ఉండాలి. రెండు చేతులూ పిడుల మీదనే. ఒకరే పెట్టాలి, ఒకరే నడపాలి. ఇరుక్కొన్నది తీసేముందు మోటారు ఆపాలి. చదువురాని పనివానికి అవి చదివి వినిపించి, ఒకసారి చేసి చూపించిన తరువాతనే యంత్రము తాళముచెవి అతని చేతికి ఇవ్వండి.